ఒంటికాలి తపస్సు

"తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయిట" అని మనకో సామెత వుంది. ఒకచోట జరిగినదానికి ఇంకోచోట ఫలితం కనిపించిందని ఎవరైనా చెబితే, నమ్మబుద్ధి కాక మనం వెక్కిరింతగా అనే మాట అది. ఈ మధ్య నాకు ఆ సామెత కట్టిన మహానుభావుడి మీద గౌరవం పెరిగింది. తుంటి దెబ్బ పళ్ళదాకా వెళ్ళకపోవచ్చు గాని, మోకాలిదాకా మాత్రం నిక్షేపంగా వెళుతుంది. తుంటికీ మోకాలికీ కబుర్లు మోసే నరాలు కొన్ని ఒకటేనట. కబురు పైనుంచి వచ్చిందో కిందనుంచి వచ్చిందో మెదడుకి తేలదు. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఒకే వీధిలో వుంటే ఉత్తరాలు తారుమారైనట్టు, తుంటి నొప్పి కాస్తా మోకాలి చిరునామాకి చేరుతుంది. మా వదినగారి నొప్పి అలా రెండేళ్ళపాటు పక్కింట్లో వుండిపోయింది.

వదినగారంటే మా ఆయన అక్కగారు. కథల్లో ఆడబిడ్డ అనగానే గయ్యాళి. నేనూ నా నవలల్లో అలాంటివాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని దింపినదాన్నే. మా వదినకి మాత్రం ఆ పాత్ర అతకదు. 64 ఏళ్ళు. తెనాలిలో ఒక్కతే వుంటుంది. జిల్లా పరిషత్తు హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పింది. మా అత్తగారు చిన్నతనంలోనే పోతే తమ్ముళ్ళిద్దర్నీ తనే పెంచింది. భర్త పోయాక కూడా ఎవరింటికీ చేరకుండా, బ్యాంకులో అప్పు తీసుకుని, నెలనెలా జీతంలోంచి కట్టుకుంటూ, రెండు గదులూ ఒక వరండా వున్న డాబా ఇల్లు కట్టుకుంది. డాబా పైకి పదహారు మెట్లు. ఆ మెట్ల మాట మళ్ళీ వస్తుంది, కాస్త గుర్తుపెట్టుకోండి. రిటైరయ్యాక సాయంత్రాలు వీధి పిల్లలు పదిమంది దాకా వరండాలో చాపలు పరుచుకుని కూర్చుంటారు. లెక్కలు ఉచితం, తిట్లు కూడా ఉచితమే.

అలాంటి మనిషికి కుడి మోకాలు నొప్పి మొదలైంది. ఇంకేముంది, మోకాలు నొప్పంటే మన దేశంలో వైద్యుడు కానివాడెవడు? పాలవాడు ఒక తైలం చెప్పాడు. ఎదురింటావిడ ఆముదపాకు వేడిచేసి కట్టమంది. తోటి టీచరొకావిడ మోకాలికి తొడుక్కునే పట్టీ కొనిచ్చింది. మొదట చూసిన డాక్టరు మోకాలికి ఎక్స్‌రే తీయించి, "వయసుకు తగ్గ అరుగుదల" అని మాత్రలు రాశాడు. రెండోసారి ఒక ఇంజక్షను కూడా ఇచ్చాడు. వారం రోజులు తగ్గినట్టనిపించి మళ్ళీ మామూలే. ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేం. మనవాళ్ళలో అరిగేది ఎక్కువగా మోకాళ్ళే. తుంటి కీలు అరగడం మనలో దానికంటే తక్కువ. వచ్చినా చాలామందిలో పుట్టుకతో వున్న లోపం వల్లో, ఎముక గుండుకి రక్తం సరిగ్గా అందకపోవడం వల్లో వస్తుంది. అందుకని మోకాలు పట్టుకుని వచ్చిన మనిషికి మోకాలే చూస్తారు.

కాని చెప్పుకోని సంగతులు కొన్ని వున్నాయి. వదిన పీట మీద కూర్చోవడం మానేసింది. కుడికాలి గోళ్ళు తీసుకోవడానికి వంగలేక, పక్కింటి పిల్లని పిలవడానికి సిగ్గుపడి, నెలలకొద్దీ అలాగే వదిలేసింది. లంగా కాళ్ళలోంచి తొడుక్కోలేక తలమీంచి వేసుకునేది. రిక్షా ఎక్కినా ఆటో ఎక్కినా కుడికాలిని చేత్తో పట్టి లోపలికి లాక్కునేది. ఇవన్నీ తుంటి కీలు బిగుసుకుపోతోందని చెప్పే గుర్తులు. అసలు నొప్పి గజ్జల్లో. ఆ మాట ఏ డాక్టరు దగ్గరా ఆవిడ నోటివెంట రాలేదు. ఎలా వస్తుంది చెప్పండి? ఎదురుగా కూర్చున్నది కొడుకు వయసు మగవాడు, పక్కన నించున్నది తమ్ముడు. మోకాలు చూపించడానికే చీర నాలుగంగుళాలు పైకి జరపాలి. మన ఆడవాళ్ళ నొప్పులన్నీ మర్యాదస్తుల శరీర భాగాల్లోనే వుంటాయి: తల, నడుము, మోకాలు. ఇంకెక్కడ వున్నా వీటిలో ఒకదాని పేరు పెట్టేస్తాం.

చివరికి గుంటూరులో ఒక ఎముకల డాక్టరు ఆవిడని గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిపించి చూశాడు. నడక చూశాక మోకాలు పట్టుకోనేలేదు. బల్లమీద పడుకోబెట్టి, కాలు మడిచి, పాదాన్ని అటూ ఇటూ తిప్పాడు. లోపలివైపు తిరిగేలా తిప్పేసరికి వదిన కెవ్వుమంది. "నొప్పి గజ్జల్లో తెలుస్తోందా అమ్మా?" అని ఆయనే అడిగాడు. ఆయన అడిగాడు కాబట్టి "ఊ" అంది. రెండేళ్ళ వైద్యానికి ఆ ఒక్క "ఊ" సరిపోయింది.

తుంటి కీలంటే మన రుబ్బురోలే అనుకోండి. తొడ ఎముక పైకొన పొత్రం, కటి ఎముకలో గుంట రోలు. తేడా ఏమిటంటే ఈ రోట్లో రాయీ రాయీ తగలకూడదు. రెండింటికీ నున్నటి పూత వుంటుంది, పుస్తకాల్లో మృదులాస్థి అంటారు. ఆ పూత పలచబడి పోయింది వదినకి. ఎక్స్‌రేలో పొత్రానికీ రోలుకీ మధ్య వుండాల్సిన సందు ఒకవైపు దాదాపు లేదు. పోయిన పూత మళ్ళీ రాదు. దాన్ని తిరిగి మొలిపించే మందు ఇవాళ్టికీ లేదు. కీలు మార్చే ఆపరేషను వుంది. ఇంగ్లండులో జాన్ చార్న్లీ అనే ఆయన 1962లో మొదలుపెట్టిన పద్ధతి దగ్గర్నుంచి అది బాగా కుదిరిన ఆపరేషనేనని పేరు. "ఇప్పుడే అక్కర్లేదు, ముందు ఫిజియోథెరపీ చేయించండి, చూద్దాం" అన్నాడు డాక్టరు.

ఇక్కడ అసలు కథ మొదలవుతుంది. డాక్టరు చెప్పిన రెండు మాటల్లో తమ్ముళ్ళిద్దరికీ "అరిగిపోయింది" అన్న మాటొక్కటే వినబడింది. అరిగిపోయిందంటే ఏం చెయ్యాలి? ఇంకా అరక్కుండా దాచుకోవాలి, అంతే కదా! చెప్పులు అరుగుతాయని చేతిలో పట్టుకుని నడిచినట్టు. మా ఆయన, మా మరిది తెనాలి వెళ్ళి రెండు రోజుల్లో ఇల్లంతా సర్దేశారు. మంచం ముందు గదిలోకి తెచ్చారు. వంటకి మనిషిని పెట్టారు. డాబా తలుపుకి తాళం వేశారు. పిల్లల చాపలు చుట్టి అటక మీద పెట్టించారు. "అక్కయ్యా, జీవితమంతా మాకోసం నిలబడ్డావు. ఇక కూర్చో. ఏం కావాలన్నా మంచం దగ్గరికే వస్తుంది" అన్నాడు మా మరిది కళ్ళనీళ్ళతో. ఆ ప్రేమలో కల్తీ లేదు. మన సంసారాల్లో వున్న విచిత్రం ఇదే. పాతికేళ్ళ పిల్ల జ్వరంతో నిలబడి వంట చేస్తుంటే ఎవరూ కూర్చోమనరు. అరవై దాటి, నిలబడటం ఆవిడకి ప్రాణావసరమైనప్పుడు అందరూ కుర్చీలు పట్టుకొస్తారు.

మూడు నెలలు గడిచేసరికి వదిన మంచం కోడు పట్టుకోకుండా లేవలేకపోయింది. గుమ్మం దాటాలంటే గోడ, గోడ దాటితే కుర్చీ, కుర్చీ దాటితే వంటమనిషి భుజం. నడుస్తుంటే ఒళ్ళంతా కుడివైపుకి ఒరిగి, మళ్ళీ లేచి, మళ్ళీ ఒరిగేది, అల మీద పడవలా. "చూశావా, ఎంత త్వరగా ముదిరిపోయిందో!" అన్నారు మా ఆయన. దానితో ఇంకో మాట కూడా బయటికొచ్చింది. ఒంటరిగా వుండలేదు కాబట్టి హైదరాబాదు తీసుకొచ్చేద్దాం, తెనాలి ఇల్లు అమ్మేద్దాం. ఆ మాట మొదట గుసగుసగా వచ్చింది, తరవాత భోజనాల దగ్గర, ఆ తరవాత ఒక బ్రోకరు ఫోనులోంచి. వదిన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇల్లు ఎవరి పేరున వుందిరా?"

గుంటూరు డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని ఫిజియోథెరపీ అమ్మాయిని ఇంటికి పిలిపించుకున్నది కూడా ఆవిడే. ఆ అమ్మాయి వాళ్ళమ్మ వదిన దగ్గర ఎనిమిదో తరగతి చదివిందట. తెనాలిలో అలాంటి చుట్టరికాలు లేనివాళ్ళు తక్కువ. వచ్చిన పిల్ల మొదట చేయించిన పని చూసి వంటమనిషి నవ్విందట. "టీచర్ గారూ, కిటికీ చువ్వ పట్టుకుని కుడికాలి మీద ఒక్కదాని మీదే నిలబడండి" అంది. వదిన నిలబడింది. నిలబడగానే ఎడమవైపు నడుము కిందికి జారిపోయింది, తాడు తెగిన తక్కెడ పళ్ళెంలా.

"ఎముక అరిగిన మాట నిజమే. కాని మీరు ఇలా ఒరిగిపోతున్నది ఎముక ఒక్కదాని వల్లే కాదు. పిరుదు పక్కనుండే కండ నీరసించిపోయింది. ఎముకని నేను బాగుచెయ్యలేను. కండని మీరు బాగుచేసుకోవచ్చు" అంది ఆ పిల్ల.

నేను బి.ఏ. చదివినదాన్ని. కండరాలూ ఎముకలూ నా పరిధి కాదు. కాని నవలలో ఒక పాత్రకి జబ్బు పెట్టాలంటే దాని గురించి నాలుగు పుస్తకాలు తిరగెయ్యడం నాకు అలవాటు. అన్నట్టు, మేం రాసే నవలల్లో నాయికలకి గుండె జబ్బు వస్తుంది, రక్తంలో కాన్సరు వస్తుంది, మతి పోతుంది, చూపు పోయి మళ్ళీ వస్తుంది. ఇన్ని వేల నవలల్లో ఒక్క నాయికకైనా తుంటి అరిగిందా? అరగదు. కుంటే నాయిక మీద పాట రాయడం కష్టం. సరే, నేను చదివి అర్థం చేసుకున్నది చెబుతాను.

నడక అంటే రెండు కాళ్ళ పని అనుకుంటాం. కాదు. మనం నడుస్తున్నప్పుడు రెండు పాదాలూ నేలమీద వుండేది సుమారు అయిదో వంతు కాలమే. మిగిలిన నాలుగు వంతులూ ఏదో ఒక కాలి మీదే వున్నట్టు. భగీరథుడు గంగకోసం ఒంటికాలి మీద నిలబడ్డాడని గొప్పగా చెప్పుకుంటాం గాని, కూరగాయల బజారుకి వెళ్ళొచ్చే ఇల్లాలు కూడా చేసేది అదే తపస్సు, ముక్కలు ముక్కలుగా.

ఒంటికాలి మీద వున్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. పూర్వం పొలాల్లో నీళ్ళు తోడే ఏతాం చూసే వుంటారు, చూడకపోతే బొమ్మల్లోనైనా. నిలువు గుంజ మీద అడ్డదూలం. గుంజకి ఒకవైపు దూలం పొడుగ్గా వుంటుంది, దాని కొసన నీళ్ళ బాన. రెండోవైపు పొట్టిగా వుంటుంది, అక్కడ బరువు ఎక్కువ వుంటేనే బాన లేస్తుంది. మన తుంటి ఆ గుంజ. శరీరం బరువంతా పొడుగువైపు వేలాడుతుంది. పొట్టివైపు పట్టుకుని లాగేది పిరుదు పక్కనుండే ఆ కండ. బాన ఒరక్కుండా నడుము నిటారుగా వుండాలంటే అది ఒంటి బరువుకి రెట్టింపు బలంతో లాగాలి. ఒంటి బరువూ, కండ లాగే బలమూ కలిసి కీలు మీద పడేది, మామూలుగా నడిచేటప్పుడే, మన బరువుకి రెండున్నర నుంచి మూడు రెట్లు. అరవై కిలోల ఆవిడ ఒక అడుగు వేస్తే నూటయాభై కిలోల పైమాట. ఇప్పుడు దుకాణాల్లో దొరికే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆరు. పెరట్లోంచి వీధిలోకి వెళ్ళొచ్చేలోగా ఎన్ని బస్తాలో మీరే లెక్కేసుకోండి.

కండ నీరసిస్తే ఎత్తలేదు, అవతలి నడుము జారిపోతుంది. జారకుండా వుండడానికి మనిషికి తెలియకుండానే ఒళ్ళు నొప్పి వున్న కాలివైపు ఒరుగుతుంది. అంటే ఏతాంలో పొడుగువైపుని కాస్త పొట్టి చేసుకోవడమన్నమాట. మనం కుంటినడక అని జాలిపడేదానిలో శరీరం తెలివి ఇంత వుంది! దీన్ని మొదట పట్టుకున్నవాడు ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మను సర్జను. పుట్టుకతో తుంటి జారిన మనుషులు ఊగుతూ నడవడానికి కారణం ఎముక పైకి జారడం అని అంతకుముందు అనుకునేవారు. ఆయన వాళ్ళని వెనకనుంచి చూసి, ఒంటికాలి మీద నిలబెట్టి, కారణం ఆ కండల బలహీనతేనని 1895లో చెప్పాడు. ఎక్స్‌రే అప్పటికింకా పుట్టలేదు, అదే ఏడాది నవంబరులో రంట్‌జన్ కనిపెట్టాడు. ఉత్త కళ్ళతో చూసి చెప్పాడన్నమాట. తెనాలిలో కిటికీ చువ్వ దగ్గర ఆ పిల్ల చేయించినది నూటముప్ఫై ఏళ్ళ నాటి ఆ పరీక్షే.

ఇక కండ ఎందుకు నీరసిస్తుంది? నొప్పి వున్న కీలు చుట్టూ కండల్ని శరీరమే కట్టడి చేస్తుంది, పూర్తి బలంతో లాగనివ్వదు. నొప్పి భయంతో మనిషి ఆ కాలు వాడదు. వాడకపోతే కండ తగ్గుతుంది, తగ్గితే కీలుకి ఆసరా పోతుంది, ఆసరా పోతే నొప్పి. తుంటి అరిగినవాళ్ళలో ఆ వైపు పిరుదు కండలే కాదు, తొడ కండలు కూడా రెండోకాలి కంటే బలం తగ్గి, సన్నబడి కనిపిస్తాయట. దీనికి మీద మంచం పట్టే వైద్యం కూడా తోడైతే చెప్పాలా!

"రోజంతా ఇంటిపని చేస్తూనే వున్నాం, ఇంకా వ్యాయామమేమిటి" అంటారు మనవాళ్ళు. వదినా అదే అంది. నేనూ ఆ అమ్మాయిని ఫోనులో ఇదే అడిగాను. చెప్పింది: నొప్పి వున్న మనిషి పొయ్యి దగ్గర గంటసేపు నిలబడినా మంచికాలి మీద ఒరిగే నిలబడుతుంది. జబ్బుకాలికి పని పడదు, అలసట మాత్రం ఒంటికంతా పడుతుంది. కండ పెరగాలంటే దానికి ప్రత్యేకంగా పని పెట్టాలి, వారం వారం కాస్త పెంచాలి. ఇంటిపనిలో పెంచడం వుండదు కదా, ఇరవయ్యేళ్ళుగా అదే బిందె.

పెట్టిన పని చూస్తే మాత్రం ఇంతేనా అనిపిస్తుంది. ఎడమవైపు తిరిగి పడుకుని కుడికాలు మెల్లగా పైకెత్తి దింపడం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము ఎత్తి ఆపడం. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. వంటింటి గట్టు పట్టుకుని కాలు పక్కకి చాపడం. గుమ్మం ముందున్న మొదటి మెట్టు ఎక్కి దిగడం, ఎక్కి దిగడం. ఒక్కొక్కటి పదిసార్లు, కాసేపాగి మళ్ళీ పది. వారానికి మూడు రోజులు. నాలుగో వారంలో కాళ్ళకి చుట్టుకునే రబ్బరు పట్టీ తెచ్చింది. దాని ధర విని, "పాత కుక్కరు గాస్కెట్టు పనికిరాదా అమ్మా?" అని అడిగిందట మా వదిన. అది సాగదు.

మొదటి పదిరోజులు నరకం. "ఇది వ్యాయామం కాదమ్మాయ్, నా మీద పాత విద్యార్థులు కక్ష తీర్చుకోవడం" అంది నాతో ఫోనులో. నొప్పి వస్తే ఆపెయ్యాలనే కదా ఎవరికైనా తోచేది. ఆ పిల్ల దానికీ ఒక లెక్క చెప్పింది. నొప్పి లేకపోతే సున్న, భరించలేకపోతే పది. అయిదు లోపల వుంటే చెయ్యొచ్చు. మర్నాటికల్లా ముందున్న స్థితికి రావాలి. రాకపోతే ఈసారి తగ్గించి చెయ్యాలి, మానెయ్యకూడదు. లెక్కల మనిషికి లెక్క దొరికితే ఇంకేం కావాలి! గళ్ళ నోటుపుస్తకంలో తేదీ, ఎన్నిసార్లు, చేస్తున్నప్పుడు మార్కులు, మర్నాటి మార్కులు అని నాలుగు గడులు గీసుకుంది. (నోరెత్తి అడగని సంగతి కూడా ఒకటుంది. పడిపోయి లేవలేకపోయినా, కాలు మీద బరువు వెయ్యలేనంత నొప్పి ఉన్నట్టుండి వచ్చినా, నొప్పితోపాటు జ్వరం వున్నా ఇవేవీ చెయ్యకూడదు, డాక్టరు దగ్గరికే పరుగెత్తాలి.)

చేతికర్ర దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. వదిన దగ్గర కర్ర అదివరకే వుంది, ఎవరైనా వస్తే తలుపు వెనక దాగేది. వాడినప్పుడు కూడా కుడిచేత్తో పట్టుకునేది, సినిమాల్లో జమీందారులా. నొప్పి కుడివైపైతే కర్ర ఎడమచేతిలో వుండాలి. ఏతాం పొడుగువైపు కొసన చెయ్యి వేసి ఎత్తి పట్టుకున్నట్టు, ఎడమచేత్తో కాస్త నొక్కినా కుడి తుంటి మీద బరువు చాలా తగ్గుతుంది. బ్లౌంట్ అనే అమెరికా డాక్టరు 1956లో దీనిమీద ఒక వ్యాసమే రాశాడు. దాని పేరుకి మన మాటల్లో అర్థం "చేతికర్ర పారెయ్యకండి" అని. డాక్టర్ల పత్రికలో అంత చక్కటి శీర్షిక నేనింకోటి చూడలేదు.

ఇంతకీ దీనివల్ల ఫలితమెంత? ఇక్కడ నేను ఒకవైపే చెప్పదలుచుకోలేదు. నార్వేలో కొంతమంది తుంటి రోగులకి జబ్బు గురించి పాఠాలు చెప్పి, వాళ్ళలో సగం మందికి పన్నెండు వారాలు వ్యాయామం కూడా చేయించారు. ఆరేళ్ళ తరవాత చూస్తే వ్యాయామం చేసినవాళ్ళలో నూటికి 41 మందికి, చెయ్యనివాళ్ళలో నూటికి 25 మందికి సొంత తుంటి మిగిలి వుంది. 2015లో ఆ లెక్క అచ్చయింది. దానికి ఏడాది ముందే, 2014లో, ఆస్ట్రేలియా వాళ్ళు 102 మందిని రెండుగా చేసి సగం మందికి నిజం ఫిజియోథెరపీ చేయించారు. తక్కిన సగానికి పనిచెయ్యని యంత్రం ఆనించి, మందు లేని జిగురు రాశారు. రెండు గుంపులకీ కాస్త నయమైంది, తేడా మాత్రం కనబడలేదు. ఇది చదివి వినిపిస్తే వదిన ఏమందో తెలుసా? "ఉత్త జిగురుకి తగ్గలేదమ్మాయ్. వారానికోసారి ఒక మనిషి దగ్గర కూర్చుని ఎలా వుందని అడిగింది చూశావూ, దానికి తగ్గింది." డెన్మార్కువాళ్ళు 2024లో ఇంకో లెక్క చెప్పారు. బాగా ముదిరి, ఆపరేషను దాకా వచ్చిన 109 మందిలో సగానికి కీలు మార్చారు, సగానికి బరువులతో వ్యాయామం చేయించారు. 48 మార్కుల ప్రశ్నపత్రంలో ఆరు నెలలకి ఆపరేషనువాళ్ళు దాదాపు 16 మార్కులు పెరిగారు, వ్యాయామంవాళ్ళు నాలుగున్నర. కాబట్టి ముదిరిన తుంటికి ఆపరేషను ముందు వ్యాయామం ఓడిపోతుంది. అరిగినదాన్ని పూడుస్తామనే యోగాసనాలూ, తైలాలూ, పొడులూ అమ్మేవాళ్ళు ఈ ముక్క మీకు చెప్పరు.

వదిన కోరినది పూడ్చడం కాదు. పదహారు మెట్లు.

పదకొండు వారాలకి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం అర నిమిషంలో నాలుగు నుంచి తొమ్మిదికి వచ్చింది. కిటికీ దగ్గర ఒంటికాలి మీద నిలబడితే నడుము కాస్త జారుతుంది గాని మునుపటిలా పడిపోదు. నొప్పి పోలేదు. నోటుపుస్తకంలో ఆరులూ ఏడులూ వుండేచోట మూడులూ నాలుగులూ వస్తున్నాయి, చలిరోజుల్లో అయిదు. గోళ్ళు ఇప్పటికీ తనే తీసుకోలేదు, పక్కింటి పిల్ల చేత తీయించుకుంటోంది, సిగ్గుపడటం మానేసి. వంటమనిషిని పంపలేదు, కాని కాఫీ మంచం దగ్గరికి తెస్తే ఊరుకోదు. చాపలు అటక దిగాయి. డాబా తాళంచెవి మాత్రం మా మరిది దగ్గర వుండిపోయింది.

ఆ సమయంలో బ్రోకరు ఒక కొనుగోలుదారుని వెంటబెట్టుకొచ్చాడు. మా ఆయన, మరిది కూడా వున్నారు, నేనూ వున్నాను. వదిన ఎడమచేతిలో కర్రతో లేచి వచ్చి, వాళ్ళకి ఇల్లంతా తనే చూపించింది. గదులు, బావి, కొబ్బరిచెట్టు, వరండా. "పైన కూడా చూడాలిగా," అని మా మరిది చేతిలోంచి తాళంచెవి అడిగి తీసుకుంది. ఎవరూ మాట్లాడలేదు. మంచికాలు ముందు పైమెట్టు మీద, తరవాత కర్రా, జబ్బుకాలూ. ఎనిమిదో మెట్టు మీద ఆగింది. వెనక మా ఆయన రెండు చేతులూ చాపి నిలబడ్డారు, పడితే పట్టుకుందామని. ఆవిడ ఆ చేతుల్ని చూసి, "ఒరేయ్, నీకు నడక నేర్పినప్పుడు నేనూ ఇలాగే నిలబడ్డాను, కాని ముట్టుకోలేదు" అని మళ్ళీ ఎక్కింది. పైకి వెళ్ళాక పిట్టగోడ మీద చెయ్యి వేసి ఊపిరి తీసుకుని, కొనుగోలుదారుతో, "గాలి బాగా వస్తుంది బాబూ. ఇల్లు నాది, అమ్మను. శ్రమపడి వచ్చావు, మజ్జిగ తాగి వెళ్ళు" అంది. దిగేటప్పుడు కష్టపడింది. ఆ రాత్రి నోటుపుస్తకంలో ఆరు వేసుకుంది, మర్నాడు నాలుగు.

తమ్ముళ్ళు మెత్తబడ్డారని చెప్పను. వచ్చే సంక్రాంతికి మళ్ళీ మాట్లాడదామన్నారు. గుంటూరు డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి, ఎముక ఎక్కడున్నది అక్కడే వుందన్నాడు. ఎప్పటికైనా ఆపరేషను తప్పకపోవచ్చు, అప్పుడు ఈ కండలే మళ్ళీ మిమ్మల్ని నడిపించాలి, మానకండి అన్నాడు. వదినకి ఆపరేషనంటే భయం లేదు. ఆ తేదీ మాత్రం తనే చెబుతానంటోంది, సంవత్సర పరీక్షలు అయ్యాక.

మొన్న ఫోను చేస్తే క్షేమసమాచారాలేవీ అడగలేదు. "ఏమమ్మాయ్, రోజంతా కుర్చీలో కూర్చుని రాస్తుంటావుగా, నువ్వు ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలవు?" అంది. "నా కాళ్ళకేం వదినా, గుండ్రాళ్ళు" అన్నాను. "నిలబడు, నేను లెక్కపెడతాను. గట్టు పక్కనే వుండు, కాని పట్టుకోకు" అంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. ఇరవై మూడు దాకా ఆవిడ లెక్కపెట్టడం వినిపించింది. అంతలో కుక్కరు కూసింది.